కంప్యూటరు చద్దిమూట

సరిదిద్దిన తప్పు మళ్లీ ఎందుకు ఎదురవుతుంది?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో శిరివెళ్ల వస్తుంది. తూర్పు దిక్కున నల్లమల కొండలు, చుట్టూ పొలాలు. ఈ ఊరు ఏ జిల్లాలో ఉంది?

ఇప్పుడు అక్కడి బడిపిల్లలను అడిగితే తడుముకోకుండా "నంద్యాల జిల్లా" అంటారు. 2021లో అచ్చయిన పటంలో వెదికితే "కర్నూలు జిల్లా" అని కనబడుతుంది. 1955 నాటి పటంలో జిల్లా కర్నూలే గాని, రాష్ట్రం పేరు "ఆంధ్ర". 1950 నాటి పటంలోనైతే రాష్ట్రం పేరు "మద్రాసు". ఊరు మాత్రం అంగుళం కూడా కదల్లేదు!

పిల్లలూ, ఈ పటాల్లో ఏది తప్పు? ఆలోచిస్తే ఏదీ తప్పు కాదు. అచ్చయిన నాడు ప్రతి ఒక్కటీ నిజమే చెప్పింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఆ రోజున ఎవరూ గోడకు వేలాడే పటం దగ్గరికి పోయి "శిరివెళ్ల జిల్లా మారింది" అని చెప్పలేదు. చెప్పినా అది తనను తాను దిద్దుకోలేదు. మూలం మారింది, నకలు మారలేదు.

కంప్యూటరు ప్రోగ్రాములు తయారుచేసేవారికి అచ్చం ఇలాంటి చిక్కే ఎదురవుతూ ఉంటుంది. ప్రోగ్రాములో తప్పు కనబడుతుంది. దాన్ని శ్రద్ధగా సరిదిద్దుతారు. మళ్లీ నడిపిస్తే అదే తప్పు! మళ్లీ చదువుతారు. రాసిందంతా సరిగ్గానే ఉంది. అయినా తప్పు పోదు. కొన్నిసార్లు ప్రోగ్రాము తయారీయే మధ్యలో ఆగిపోతుంది. చెరిపేసిన పంక్తిలో తప్పుందని యంత్రం చెబుతుంది! దయ్యం పట్టిందా? దయ్యమూ లేదు, భూతమూ లేదు. యంత్రం దాచుకున్న పాత నకలు చేసిన పని అది. అదెలాగో చూద్దాం.

మన రాత, యంత్రం రాత

కంప్యూటరుకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. దానికి తెలిసినవి తన ఆజ్ఞలే. అవన్నీ సున్నాలు, ఒకట్ల వరుసలు. ఆ వరుసలు రాయడం మనుషులకు మహా కష్టం. అందుకని మనుషులు చదవగలిగే భాషలో ప్రోగ్రాము రాస్తారు. సి, పాస్కల్, రస్ట్ అలాంటి భాషలు. ఆ రాతను యంత్రం ఆజ్ఞలుగా మార్చిపెట్టే ప్రోగ్రామును "కంపైలరు" అంటారు. దుబాసి లాంటిదన్నమాట.

కంపైలర్ల చరిత్రలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో పాఠాలు చెప్పిన ఒకరి పేరు కూడా ఉంది. స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో నిక్లాస్ వర్త్ అనే శాస్త్రజ్ఞుడు పాస్కల్ భాషను రూపొందించాడు. 1970ల మొదట్లో అక్కడ తయారైన "పాస్కల్-పి" కంపైలరును నిర్మించినవారిలో కేశవ్ విఠల్ నోరి ఒకరు. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి సులువుగా తీసుకుపోగలిగిన కంపైలరు అది. పాస్కల్ అనేక దేశాలకు పాకడానికి ఎంతో తోడ్పడింది.

పెద్ద ప్రోగ్రామును ఒకే ఫైలులో రాయరు. పుస్తకాన్ని అధ్యాయాలుగా విడదీసినట్టు చిన్న చిన్న ఫైళ్లుగా విడదీస్తారు. కంపైలరు ఒక్కో ఫైలును విడివిడిగా యంత్రభాషలోకి మార్చి, ఒక్కో "ఆబ్జెక్టు ఫైలు" తయారుచేస్తుంది. చివర "లింకరు" అనే మరో ప్రోగ్రాము వాటన్నింటినీ కలిపి కుట్టి పూర్తి ప్రోగ్రామును సిద్ధం చేస్తుంది. ఈ మొత్తం తయారీని "బిల్డు" అంటారు.

చద్ది ఎందుకు దాచాలి?

ఇప్పుడొక ప్రశ్న. రెండు వందల అధ్యాయాల పుస్తకాన్ని దుబాసి అనువదించాడనుకోండి. నలభయ్యో అధ్యాయంలో ఒక్క మాట మార్చారు. పుస్తకమంతా మొదటి నుంచి మళ్లీ అనువదించాలా? అక్కర్లేదు కదూ! మారిన అధ్యాయం ఒక్కటే మళ్లీ చేస్తే చాలు. మిగిలిన 199 పాతవే వాడుకోవచ్చు.

కంప్యూటరు కూడా ఇదే చేస్తుంది. లినక్స్ అనే వ్యవస్థకు గుండెకాయ వంటి ప్రోగ్రామునే తీసుకోండి. అందులో మూడు కోట్లకు పైగా పంక్తులున్నాయి. ఒక్క పంక్తి మార్చిన ప్రతిసారీ వేలాది ఫైళ్లను మొదటి నుంచి మార్చుకుంటూ పోతే పొద్దు గడిచిపోతుంది. అందుకే ఒకసారి చేసిన పనిని దాచుకుని మళ్లీ వాడుకుంటారు. అలా దాచుకునే చోటును "క్యాష్" అంటారు. ఇది డబ్బు అనే అర్థం వచ్చే క్యాష్ కాదు సుమా! ఫ్రెంచి భాషలో "దాచు" అనే మాట నుంచి వచ్చింది. మన పాత ఇళ్లలో గోడకు గూడు ఉంటుంది చూడండి, అటువంటిదే.

మన భాషలో దీనికి ఇంకా దగ్గరి మాట ఉంది. అదే చద్ది. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉంచుతారు. పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తిని పొలానికి వెళతారు. పొయ్యి వెలిగించే పని లేదు, కట్టెల ఖర్చు లేదు. "పెద్దల మాట చద్దిమూట" అన్నది ఊరికే కాదు. చద్ది మంచిదే. అయితే అది పాచిపోకూడదు.

అన్నం పాచిపోతే ముక్కుకు తెలుస్తుంది. ఫైలు పాచిపోతే? దానికి వాసన లేదు, రంగు మారదు. చిక్కంతా అక్కడే ఉంది.

బస్తా బరువు మారింది

ఒక ఉదాహరణ చూద్దాం. వడ్లు కొనే చోట వాడటానికి ఒక ప్రోగ్రాము రాశారనుకోండి. ఒక్కో బస్తా 75 కిలోలు. ఈ సంఖ్య చాలాచోట్ల అవసరం కాబట్టి దాన్ని "బస్తా" అనే ఒక చిన్న ఫైలులో రాసి పెట్టారు. ఇలా అందరూ చూసుకునే ఫైలును "హెడరు ఫైలు" అంటారు. "లారీ" అనే ఫైలు దాన్ని చదివి లారీకి ఎన్ని బస్తాలు ఎక్కించవచ్చో లెక్కిస్తుంది. "రసీదు" అనే ఫైలు కూడా దాన్నే చదివి మొత్తం బరువు రాస్తుంది.

లారీ మోయగలిగింది 9,000 కిలోలు. 9,000ను 75తో భాగిస్తే 120 బస్తాలు. రసీదులో 120 ఇంటూ 75, అంటే 9,000 కిలోలు. లెక్క సరిపోయింది.

తరువాత బస్తా సైజు తగ్గించి 60 కిలోలు చేశారు. హెడరు ఫైలులో 75 కొట్టేసి 60 అని రాశారు. "లారీ" మళ్లీ కంపైలు అయింది. "రసీదు" కాలేదు. ఎందుకంటే "రసీదు" ఫైలులో ఒక్క అక్షరం కూడా మారలేదు. అది హెడరు ఫైలు మీద ఆధారపడి ఉన్నదని యంత్రానికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి పాత ఆబ్జెక్టు ఫైలునే వాడేసుకుంది. అందులో 75 అనే సంఖ్య రాతి మీద చెక్కినట్టు ఉండిపోయింది.

ఇప్పుడేమవుతుంది? లారీ లెక్క ప్రకారం 9,000ను 60తో భాగిస్తే 150 బస్తాలు. రసీదు లెక్క ప్రకారం 150 ఇంటూ 75, అంటే 11,250 కిలోలు! లేని వడ్లు 2,250 కిలోలు కాగితం మీద పుట్టాయి. ప్రోగ్రాము రాసినవారు రెండు ఫైళ్లనూ ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు. తప్పు వారు చదివే ఫైళ్లలో లేదు కదా!

ఇక్కడ బిల్డు నోరు మెదపకుండా పూర్తయింది. మరికొన్నిసార్లు బిల్డు ఆగిపోతుంది. "బరువు" అనే పనికి "తూకం" అని పేరు మార్చారనుకోండి. పాత ఆబ్జెక్టు ఫైలు ఇంకా "బరువు ఏదీ, బరువు ఏదీ" అని పాత పేరుతోనే పిలుస్తుంటుంది. ఆ పేరుగల పని ఇప్పుడు లేదు. లింకరు వెదికి వెదికి "ఈ పేరు ఎక్కడా లేదు" అని చేతులెత్తేస్తుంది. చిరాకు కలిగినా ఇదే మేలు. ఆగిపోయిన బిల్డు తప్పు ఉందని చెబుతుంది. ఆగని బిల్డు దాన్ని దాచిపెడుతుంది.

వృథా అయిన ఒక ఉదయం

ఈ చిక్కు కొత్తది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు పేరుమోసినవి. యూనిక్స్, సి భాష పుట్టింది అక్కడే. 1976లో ఒకరోజు స్టీవ్ జాన్సన్ అనే శాస్త్రజ్ఞుడు తన తోటి శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి మండిపడుతూ వచ్చాడు. ఒక ప్రోగ్రాములోని తప్పు కోసం ఉదయమంతా వెదికాడట. తీరా చూస్తే ఆ తప్పును అంతకుముందే సరిదిద్దేశాడు! కాని సరిదిద్దిన ఫైలును మళ్లీ కంపైలు చెయ్యడం మరిచాడు. పాత ఆబ్జెక్టు ఫైలే ప్రోగ్రాములో కలుస్తూ వచ్చింది.

ఈ జాన్సన్ సామాన్యుడు కాడు. కంపైలర్లను తయారుచేయడానికి తోడ్పడే "యాక్" అనే సాధనాన్ని రాసినవాడు. అంతటివాడికే ఈ తిప్పలు! ఫెల్డ్‌మన్‌కు కూడా ముందురోజు సాయంత్రం అలాంటి ఇబ్బందే ఎదురైంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ వారాంతంలోనే ఫెల్డ్‌మన్ ఒక సాధనం రాశాడు. దాని పేరు "మేక్". ఇన్నేళ్లు గడిచినా అది ఇంకా వాడుకలో ఉంది. దానికిగాను 2003లో ఆయనకు అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘమైన ఏసీఎం తన సాఫ్ట్‌వేర్ సిస్టమ్ బహుమతి ఇచ్చింది.

మేక్ చేసే పని చాలా తేలిక. ఏ ఫైలు ఏయే ఫైళ్ల నుంచి తయారవుతుందో మనం ఒక జాబితా రాసి ఇవ్వాలి. ప్రతి ఫైలుకూ అది చివరిసారి మారిన సమయం కంప్యూటరులో నమోదై ఉంటుంది. మేక్ రెండు సమయాలనూ పోల్చి చూస్తుంది. మూలం ఆబ్జెక్టు ఫైలు కన్నా తరువాత మారిందా? అయితే ఆబ్జెక్టు ఫైలు పాచిపోయింది, మళ్లీ తయారుచెయ్యాలి. మారలేదా? చద్ది బాగానే ఉంది, వాడుకోవచ్చు.

మన వడ్ల ప్రోగ్రాములో "రసీదు తయారీకి బస్తా ఫైలు కూడా కావాలి" అని జాబితాలో ఒక్క ముక్క రాసి ఉంటే ఆ 2,250 కిలోలు పుట్టేవే కావు.

గడియారం చేసే మోసం

మేక్ తెలివైనదే గాని దాని నమ్మకమంతా గడియారం మీద. గడియారం తప్పితే?

రెండు కంప్యూటర్లు ఒకే ఫైళ్లను పంచుకుంటున్నాయనుకోండి. ఒకదాని గడియారం పది నిమిషాలు వెనక ఉంది. దాని మీద ఇప్పుడే దిద్దిన ఫైలుకు పది నిమిషాల కిందటి సమయం పడుతుంది. ఆ పది నిమిషాల లోపల రెండో కంప్యూటరు తయారుచేసిన ఆబ్జెక్టు ఫైలు దాని కన్నా కొత్తదిగా కనబడుతుంది. మేక్ "అంతా బాగానే ఉంది" అనేస్తుంది. రేపటి తేదీతో ఉన్న ఫైలు కనబడితే నేటి మేక్ "గడియారాలు కలవడం లేదు" అని హెచ్చరిస్తుంది. వెనకబడ్డ గడియారాన్ని మాత్రం అది పట్టుకోలేదు.

గడియారం సరిగ్గా ఉన్నా మరో చిక్కుంది. కొత్తగా రాసింది నచ్చక, భద్రపరిచిన చోటి నుంచి పోయిన వారం నాటి ఫైలును తెచ్చి పెట్టారనుకోండి. దాంతోపాటు దాని పాత తేదీ కూడా వచ్చేస్తుంది. ఫైలు మారింది, తేదీ మాత్రం వెనక్కు పోయింది. మేక్ దాన్ని ముట్టుకోదు.

ప్రతి ఫైలుకూ ఒక ముద్ర

అందుకని శాస్త్రజ్ఞులు మరో దారి వెదికారు. ఫైలు ఎప్పుడు మారిందని అడగడం మాని, అందులో ఏముందని అడగడం మొదలుపెట్టారు. ఫైలులోని అక్షరాలన్నింటినీ ఒక లెక్కలో పడేసి ఒక పెద్ద సంఖ్య తీస్తారు. అది ఆ ఫైలుకు వేలిముద్ర వంటిది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. "శిరివెళ్ల" అని రాసినా "సిరివెళ్ల" అని రాసినా మనకు ఊరు ఒకటే. ముద్ర తీసే లెక్కకు మాత్రం అవి రెండూ వేరువేరు.

కాగితం, పెన్సిలు తీసుకుని మీరే ఒక చిన్న ముద్ర తీసి చూడండి. 4075 అనే సంఖ్య తీసుకోండి. అంకెలు ఊరికే కూడితే 16. 4057 తీసుకుని కూడినా 16 వస్తుంది. అంకెలు తారుమారైన సంగతి ఈ ముద్రకు తెలియలేదు! ఇప్పుడు మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో, నాలుగోదాన్ని 4తో గుణించి కూడండి. 4075కు 4+0+21+20, అంటే 45. 4057కు 4+0+15+28, అంటే 47. తేడా దొరికిపోయింది.

ఈ ముద్ర చాలా? 0275 తీసుకుని చూడండి: 0+4+21+20, మళ్లీ 45! రెండు వేరువేరు సంఖ్యలకు ఒకే ముద్ర పడింది. ముద్ర చిన్నదైతే ఈ ప్రమాదం తప్పదు. అందుకే కంప్యూటర్లు చాలా పెద్ద ముద్రలు వాడతాయి. 128 బిట్ల ముద్ర అంటే 39 అంకెల దాకా ఉండే సంఖ్య. వేరువేరు ఫైళ్లకు యాదృచ్ఛికంగా ఒకే ముద్ర పడే అవకాశం లేనట్టే.

2002లో ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ఈ పద్ధతిలో "సీ-క్యాష్" అనే సాధనం రాశాడు. అది కంపైలరు ముందు ద్వారపాలకుడిలా నిలబడుతుంది. ఫైలు రాగానే ముద్ర తీస్తుంది. ఆ ముద్రతో గూట్లో ఏదైనా ఉంటే తీసి ఇచ్చేస్తుంది. లేకపోతే కంపైలరును పిలిచి, వచ్చిన ఫలితాన్ని అదే ముద్ర కింద దాచుకుంటుంది. మొదట్లో అది ఎమ్‌డి4 అనే 128 బిట్ల ముద్ర వాడింది. 2020లో వచ్చిన 4.0 నుంచి బ్లేక్3 అనే మేలైన ముద్రకు మారింది.

జాబితాకెక్కని సరుకు

ఇక తప్పులుండవని అనుకుంటున్నారా? తొందరపడకండి! ముద్ర ఎంత గొప్పదైనా, దేని ముద్ర తీశామన్నది అసలు ప్రశ్న.

పప్పు రుచి పప్పుతోనే తేలదు కదా. ఉప్పు, నీళ్లు, కుండ, పొయ్యి, చివరికి వండేవారి చెయ్యి కూడా అందులో ఉంటాయి. అలాగే ఆబ్జెక్టు ఫైలు మూలం ఫైలుతోనే తయారు కాదు. హెడరు ఫైళ్లు కావాలి. కంపైలరు ఏది, ఎన్నో రకానిది అన్నది ముఖ్యం. దానికి ఏయే సూచనలు ఇచ్చామన్నదీ ముఖ్యమే. వీటిలో ఏ ఒక్కటి ముద్రలో కలవకపోయినా, అది మారిన రోజున క్యాష్ పాత సరుకే ఇస్తుంది.

కంపైలరు మారిందో లేదో తెలుసుకోవడానికి సీ-క్యాష్ మామూలుగా ఏం చేస్తుందో తెలుసా? కంపైలరు ఫైలు సైజు, అది చివరిసారి మారిన సమయం చూస్తుంది. ప్రతిసారీ అంత పెద్ద ఫైలు ముద్ర తీస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది మరి. మామూలుగా ఇది చాలు. కాని కంపైలరు స్థానంలో దాన్ని పిలిచే చిన్న ప్రోగ్రామును ఉంచారనుకోండి. అసలు కంపైలరు మారినా ఆ చిన్న ప్రోగ్రాము మారదు. క్యాష్ మోసపోతుంది. అలాంటప్పుడు కంపైలరునే క్షుణ్ణంగా పరీక్షించమని దానికి చెప్పుకోవాలి.

ఇంకో చమత్కారం వినండి. లేని ఫైలు మీద కూడా ఫలితం ఆధారపడుతుంది! ఒక పోస్టుమాన్ ఉత్తరం పట్టుకుని మొదటి వీధిలో వెదికాడు. ఆ పేరుగలవారు లేరు. రెండో వీధిలో దొరికారు. "ఈ పేరు రెండో వీధి" అని గుర్తు రాసుకున్నాడు. మర్నాడు అదే పేరుగలవారు మొదటి వీధిలో కొత్తగా దిగారు. గుర్తును నమ్మిన పోస్టుమాన్ ఇకముందు వాళ్ల ఉత్తరాలు కూడా రెండో వీధిలోనే ఇస్తాడు. కంపైలరు కూడా హెడరు ఫైలు కోసం కొన్ని అరలను వరుసగా వెదుకుతుంది. ముందున్న అరలో అదే పేరుతో కొత్త ఫైలు వచ్చి చేరితే, దాచుకున్న ఫలితం ఆ సంగతి ఎరగదు. ఈ లోపం ఉన్నదని సీ-క్యాష్ రాసినవాళ్లే తమ సూచనల పుస్తకంలో చెప్పారు. దాచకుండా చెప్పడం మంచి పద్ధతి.

రస్ట్ భాష కంపైలరు మరో అడుగు ముందుకు వేసింది. ఒక ఫైలు లోపలే చిన్న చిన్న ముక్కల ఫలితాలను ముద్రలతో దాచుకుంటుంది. 2021 మే 6న వచ్చిన 1.52.0లో ఆ ముద్రలను గట్టిగా సరిచూసే ఏర్పాటు చేశారు. అంతే! అప్పటిదాకా చప్పుడు లేకుండా ఉన్న లోపాలు బయటపడి, చాలామందికి బిల్డులు ఆగిపోయాయి. నాలుగు రోజుల్లో, మే 10న 1.52.1 విడుదల చేసి, అలా దాచుకునే పద్ధతినే తాత్కాలికంగా నిలిపివేశారు. లోపాలు సరిదిద్దాక జూలైలో తిరిగి మొదలుపెట్టారు. 2022 ఫిబ్రవరిలో ఇంకో లోపం కనబడి మళ్లీ ఆపారు, ఏప్రిల్ 7న మళ్లీ మొదలుపెట్టారు. బిల్డు ఆలస్యమైనా సరే, తప్పు ఫలితం ఇవ్వకూడదన్నది వారి నిర్ణయం.

ఒక్క యంత్రం, ముప్పావు గంట

"ఇంత జాగ్రత్త దేనికి? ఓ ఉదయం పోతే పోయింది" అంటారా? నష్టం అంతటితో ఆగదు.

2012 ఆగస్టు 1న జరిగింది చూడండి. నైట్ క్యాపిటల్ అనే వాటాల వ్యాపార సంస్థ తన 8 సర్వర్లలో కొత్త ప్రోగ్రాము పెట్టాలనుకుంది. ఏడింటిలో పెట్టారు. ఎనిమిదోదానిలో పెట్టడం మరిచారు. ఇక్కడ పాచిపోయింది కంపైలరు క్యాష్ కాదు, యంత్రంలో మిగిలిపోయిన పాత ప్రోగ్రాము. జాతి మాత్రం ఒకటే. బజారు తెరవగానే ఆ ఎనిమిదో యంత్రంలో, ఏళ్ల కిందటే వాడకం మానేసిన ఒక పాత భాగం మేలుకుంది. ఆగకుండా కొనుగోళ్లు, అమ్మకాలు చేసుకుంటూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది.

భద్రత విషయంలోనూ అంతే. దొంగలు చొరబడే కన్నం ఒకటి ప్రోగ్రాములో కనబడింది. దాన్ని పూడ్చారు. కాని బిల్డులో పాత ఆబ్జెక్టు ఫైలే కలిసిపోతే? కన్నం పూడిందని అందరూ నిశ్చింతగా నిద్రపోతారు. కన్నం అలాగే ఉంటుంది.

ఎలా పట్టుకోవాలి?

వైద్యుడు మందు ఇచ్చే ముందు నాడి చూస్తాడు. బిల్డు చెడినప్పుడు కూడా వరుసగా పరీక్షించాలి.

1. మొదటి తప్పు చదవాలి. బిల్డు ఆగినప్పుడు తెర మీద వంద పంక్తులు రావచ్చు. చివరిది చూసి కంగారుపడకూడదు. మొదటి తప్పు తక్కినవాటికి తల్లి.

2. యంత్రం మన ఫైలునే చదువుతోందా? దీన్ని కనుక్కోవడానికి ఒక తమాషా ఉపాయం ఉంది. ఫైలు మధ్యలో కావాలని ఒక పిచ్చి మాట రాసి బిల్డు చెయ్యాలి. కంపైలరు అభ్యంతరం చెబితే చదువుతోందన్నమాట. ఏమీ అనకపోతే అది పాత సరుకు వాడుతోంది, లేదా మరెక్కడో ఉన్న ఫైలును చదువుతోంది. పరీక్ష కాగానే ఆ మాట తీసేయాలి సుమా!

3. క్యాష్‌ను పక్కన పెట్టి చూడాలి. గూడు ముట్టుకోకుండా అంతా మొదటి నుంచి కంపైలు చెయ్యమని చెప్పవచ్చు. అప్పుడు తప్పు మాయమైతే దొంగ గూట్లోనే ఉన్నాడు. మాయం కాకపోతే క్యాష్ నిర్దోషి. తప్పు మన రాతలోనే ఉంది. ప్రతిదానికీ క్యాష్‌ను తిట్టకూడదు.

4. పాత సరుకును వెంటనే పారవేయకూడదు. చాలామంది "మేక్ క్లీన్" అని కొట్టి అంతా తుడిచేస్తారు. తప్పు పోతుంది, దానితోపాటు సాక్ష్యం కూడా పోతుంది. వారం తిరిగేసరికి అదే తప్పు మళ్లీ వస్తుంది. పాత గూటికి పేరు మార్చి పక్కన ఉంచాలి. కొత్తగా తయారైన ఫైళ్లతో పోల్చి ఏది తేడాగా ఉందో చూడాలి.

5. ఆ ఫైలు తయారీలో ఏ సరుకు జాబితాకెక్కలేదో కనుక్కోవాలి. హెడరు ఫైలా? కంపైలరు మారిందా? సూచన మారిందా? గడియారమా? తప్పిపోయినదాన్ని జాబితాలో చేర్చాలి. జాబితా చేత్తో రాస్తే మరిచిపోతాం. అందుకని ఏయే హెడరు ఫైళ్లు చదివిందో కంపైలరునే రాసిపెట్టమని చెప్పవచ్చు. నేటి సి కంపైలర్లకు ఆ నేర్పు ఉంది.

6. చివర ఒక సరిచూపు. ఆ సరుకును కావాలని కొంచెం మార్చి మళ్లీ బిల్డు చెయ్యాలి. ఈసారి ఫైలు దానంతట అదే మళ్లీ తయారైతే మన వైద్యం ఫలించినట్టు.

నాలుగో మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. గూడు తుడిస్తే ఈనాటి నొప్పి తగ్గుతుంది. జాబితా సరిచేస్తే జబ్బు పోతుంది.

ఫిల్ కార్ల్‌టన్ అనే ప్రోగ్రామరు ఒకసారి సరదాగా ఒక మాట అన్నాడని చెప్పుకుంటారు. కంప్యూటరు శాస్త్రంలో కష్టమైనవి రెండేనట. ఒకటి, దాచుకున్నది ఎప్పుడు పారవేయాలో తెలుసుకోవడం. రెండోది, పేర్లు పెట్టడం! పాత పటాల్లో శిరివెళ్ల కోసం వెదికిన మనకు ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది.

మీరే ఆడి చూడండి

కంప్యూటరు లేకున్నా ఈ ఆట ఆడవచ్చు. నలుగురు చాలు. ఒకరు "మూలం". ఒక చీటీ మీద ఒక సంఖ్య రాసి ఇస్తారు. ఇంకొకరు "హెడరు". నల్లబల్ల మీద ఒక సంఖ్య రాసి ఉంచుతారు. మూడోవారు "కంపైలరు". చీటీలోని సంఖ్యను నల్లబల్ల మీది సంఖ్యతో గుణించి జవాబు చెబుతారు. నాలుగోవారు "క్యాష్". చీటీలో ఏముందో, జవాబు ఎంతో నోటుపుస్తకంలో రాసుకుంటారు. అదే చీటీ మళ్లీ వస్తే కంపైలరును అడగకుండా జవాబు చెప్పేస్తారు. క్యాష్ నల్లబల్ల వైపు చూడకూడదు.

కాసేపు ఆట చకచకా సాగుతుంది. ఇప్పుడు "హెడరు" చప్పుడు చేయకుండా నల్లబల్ల మీది సంఖ్య మార్చాలి. క్యాష్ చెప్పే జవాబులు ఎప్పటి నుంచి తప్పుతాయో చూడండి. క్యాష్ నోటుపుస్తకంలో ఇంకేం రాసుకుని ఉంటే ఈ తప్పు జరిగేది కాదో చర్చించండి.

ఆలోచించండి

1. ఒక ప్రోగ్రాము కంపైలు అయిన రోజు తేదీని తనలో అచ్చు వేసుకుంటుంది. నిన్నటి ఫలితాన్ని క్యాష్ ఈ రోజు ఇస్తే ఏమవుతుంది?

2. గోడ పటం మీద ఏ ఒక్క వివరం అచ్చు వేస్తే అది ఎన్నేళ్లయినా మనల్ని మోసగించదు?

3. ప్రోగ్రాములో మనుషుల కోసం రాసుకున్న వివరణలోని ఒక మాట మార్చారు. యంత్రం చేసే పనిలో ఏ మార్పూ లేదు. మేక్ ఆ ఫైలును మళ్లీ కంపైలు చేయిస్తుందా?

జవాబులు: 1. నిన్నటి తేదీయే కనబడుతుంది. అటువంటి ప్రోగ్రాముకు తేదీ కూడా ఒక సరుకే, దాన్నీ ముద్రలో కలపాలి. 2. అది ఏ తేదీ నాటి పటమో. 3. చేయిస్తుంది. మేక్ చూసేది సమయాన్నే, అర్థాన్ని కాదు. ఆ పని అనవసరమే, అయినా హాని లేదు. తాజా అన్నాన్ని పాచిందనుకుని మళ్లీ వండితే కట్టెలు వృథా అవుతాయి. పాచిన అన్నాన్ని తాజాదనుకుని తింటే కడుపు చెడుతుంది.